చెరువు చేపకు ఫిల్లెట్ తీయాలంటే ఏ కత్తి కొనాలి, ఎలా చూసి కొనాలి

ఇంట్లో అపోలో ఫిష్ చేసుకోవాలన్నా, చిన్నపిల్లలకు ముళ్ళ టెన్షన్ లేకుండా చేప పెట్టాలన్నా బోన్‌లెస్ ముక్క, అంటే ఫిల్లెట్, కావాలి. మార్కెట్లో అడిగితే చేసిస్తారు. కానీ ఆదివారం రద్దీలో, అందులోనూ మృగశిర కార్తె రోజున, కొట్టువాళ్ళకు ఒక్కో చేప మీద పెట్టేంత టైమ్ ఉండదు. తొందరలో కోసేసరికి మధ్య ముల్లుకు బోలెడంత కండ అంటుకుని ఉండిపోతుంది. కిలో కొర్రమీనుకు డబ్బు కట్టి, అందులో మంచి కండను ముల్లుతో పాటు వదిలేసి రావడం నాకైతే మనసొప్పదు. సరైన కత్తి ఉంటే ఈ పని ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు.

కొనేముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఫిల్లెట్ కత్తి పని ముల్లును తాకుతూ దాని వెంట జారిపోవడం. తల నరకడం, మధ్య ముల్లు కొట్టడం, రెక్కలు తెగ్గొట్టడం దానికి పెట్టకూడదు. ఆ పనులకు కత్తిపీట ఉంది, మార్కెట్లో కొట్టువాడి పెద్ద కత్తి ఉంది. రెండు పనులూ ఒకే కత్తితో అయిపోవాలని చూస్తే చివరికి ఏ పనికీ పనికిరాని మందపాటి కత్తి ఇంటికొస్తుంది. కత్తిపీటను తీసేయమని నేను చెప్పను. కాలితో పీటను తొక్కిపట్టి, రెండు చేతులతో చేపను పట్టుకుని పులుసు ముక్కలు కోయడానికి దాన్ని మించింది లేదు. కాకపోతే దాని బ్లేడు కదలదు, వంగదు. ముల్లు ఎటు వంపు తిరిగితే అటు వెళ్ళాలంటే చేతిలో పట్టుకునే సన్నటి కత్తే కావాలి.

మొదట: మీరు ఎక్కువగా తెచ్చుకునే చేప ఏదో తేల్చుకోండి

కత్తి పొడవు, వంగే గుణం, రెండూ దీన్నిబట్టే ఉంటాయి. అన్ని చేపలకూ ఒకే కత్తి అని ప్యాకెట్ మీద రాస్తారు కానీ, అరకిలో తిలాపియాకు బాగుండే కత్తి మూడు కిలోల బొచ్చె దగ్గర తేలిపోతుంది.

ఫిల్లెట్‌కు మన చెరువు చేపల్లో నా ఓటు కొర్రమీనుకే. తెలంగాణ రాష్ట్ర చేప అనే గౌరవం ఎలాగూ ఉంది. ఒళ్ళు గుండ్రంగా పొడుగ్గా ఉంటుంది, కండ గట్టిగా ఉంటుంది, కండలో దాక్కునే సన్న ముళ్ళు తక్కువ. మధ్య ముల్లు, పొట్ట ముళ్ళు తీసేస్తే దాదాపు పనైపోయినట్టే. పంగాసియస్‌కు పొలుసే ఉండదు, కండ మెత్తన, ముళ్ళ గొడవ తక్కువ. తిలాపియా చిన్నది. ముళ్ళు తేలిగ్గానే వస్తాయి గానీ వీపు రెక్క ముళ్ళు సూదుల్లా గుచ్చుకుంటాయి. ఫిల్లెట్‌గా చేతికొచ్చేది చేప మొత్తం బరువులో సుమారు మూడో వంతే. అందుకే కత్తి కాస్త తేడాగా ఉన్నా దీంట్లో నష్టం బాగా తెలుస్తుంది. వాలగ దొరికితే వదలకండి, దానికీ పొలుసు లేదు, సన్న ముళ్ళూ తక్కువే.

రవ్వ, బొచ్చె, మ్రిగాల సంగతి వేరు. కోస్తాలో రవ్వను శీలావతి అంటారు. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో లారీలకెక్కి వచ్చే సరుకులో ఎక్కువ భాగం ఇవే. వీటి మధ్య ముల్లు, పొట్ట ముళ్ళు తీసేశాక కూడా కండ లోపల ఇంగ్లీషు వై అక్షరంలా చీలిన సన్న ముళ్ళు వరసగా ఉండిపోతాయి. ఎంత ఖరీదైన కత్తి కొన్నా అవి వాటంతటవి బయటికి రావు. ఈ చేపలకు ఫిల్లెట్ తీయాలంటే ఇంకో పద్ధతుంది, కింద చెప్తాను. కానీ మీ ఇంట్లో ఎప్పుడూ రవ్వ, బొచ్చెల పులుసే అయితే ఈ కత్తి మీద డబ్బు పెట్టకండి. పులుసుకు ముల్లుతో ఉన్న ముక్కే రుచి.

రెండోది: పొడవు

చేప వీపు నుంచి పొట్ట దాకా ఎంత వెడల్పుందో చూసుకోండి. బ్లేడు దానికంటే కనీసం రెండు అంగుళాలు పొడుగుండాలి. ఎందుకంటే ఫిల్లెట్‌ను పొడుగాటి కోతలతో, ఒకేసారి లాగినట్టు కోయాలి. బ్లేడు పొట్టిదైతే రంపం లాగినట్టు ముందుకీ వెనక్కీ ఆడించాల్సి వస్తుంది, కండ మీద మెట్లు మెట్లుగా గాట్లు పడతాయి. ఆ ముక్క వేపినప్పుడు విరిగిపోతుంది.

కిలో లోపు తిలాపియాకు, చిన్న కొర్రమీనుకు 6 అంగుళాల బ్లేడు సరిపోతుంది. కిలో, కిలోన్నర కొర్రమీను, పంగాసియస్ లాంటి వాటికి 7 లేదా 7.5 అంగుళాలు హాయిగా ఉంటుంది. రెండు కిలోలు దాటిన రవ్వకు 8, మూడు కిలోల పైబడిన బొచ్చెకూ పెద్ద వాలగకూ 9 అంగుళాలు కావాలి. ఒక్కటే కొనాలనుకుంటే 7 అంగుళాలది తీసుకోండి. పెద్ద చేపకు కాస్త కష్టపడుతుంది, చిన్న చేపకు కాస్త ఎక్కువనిపిస్తుంది, అయినా మనం ఇంటికి తెచ్చుకునే చేపల్లో ఎక్కువ వాటికి అది సరిపోతుంది.

ఇది బ్లేడు కొలత. ఆన్‌లైన్‌లో కొందరు పిడితో కలిపి మొత్తం పొడవు రాస్తారు. 12 అంగుళాల కత్తి అని చూసి భయపడకండి, అందులో బ్లేడు 7 అంగుళాలే కావచ్చు. వివరాల్లో బ్లేడు పొడవు విడిగా ఎంత రాశారో చూడండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: వంగే గుణం

మామూలు వంటింటి కత్తి, ఫిల్లెట్ కత్తి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇక్కడే తెలుస్తుంది. ఫిల్లెట్ కత్తి సన్నగా, ఇరుగ్గా ఉంటుంది, మొన వైపు వెళ్ళేకొద్దీ ఇంకా పల్చబడుతుంది. పిడి దగ్గర మొద్దు వైపు మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండి, మొన దగ్గరికొచ్చేసరికి అందులో సగం కూడా ఉండకూడదు. ఈ పల్చదనం వల్లే బ్లేడు వంగుతుంది, వంగడం వల్లే ముల్లును అంటిపెట్టుకుని పోతుంది. వెడల్పాటి బ్లేడైతే తడి కండ దానికి రెండు వైపులా అతుక్కుని లాగేస్తుంది. అందుకే వెడల్పు రెండు, రెండున్నర సెంటీమీటర్లు దాటనివ్వకండి.

షాపులో ఇలా చూడండి. ఒక అట్టపెట్టె మీద గానీ చెక్క మీద గానీ మొనను ఆనించి, బ్లేడు పక్క భాగం చెక్కకు తగిలేలా పడుకోబెట్టి, పిడిని మెల్లగా కిందికి నొక్కండి. బ్లేడు మధ్యలో విల్లులా వంగాలి. వదిలేశాక చటుక్కున తిన్నగా అయిపోవాలి. మొన వైపు నుంచి కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే గీత గీసినట్టు ఉండాలి. కాస్త వంకర మిగిలిందంటే ఆ ఉక్కు మంచిది కాదు, లేదా దానికి సరిగ్గా నీరు పట్టలేదు, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరచడం సరిగ్గా జరగలేదు. పక్కన పెట్టేయండి. కొన్ని షాపుల్లో ఇలా నొక్కి చూడనివ్వరు. వాళ్ళనే నొక్కి చూపించమని అడగండి.

ఎంత వంగాలి? చేతి బలమంతా పెట్టకుండా, మామూలుగా నొక్కితే ఒక అంగుళం దాకా వంగేది మధ్యరకం. కొర్రమీను లాంటి గట్టి కండకు ఇది బాగుంటుంది. అంతకంటే తేలిగ్గా వంగేది తిలాపియాకు, పంగాసియస్‌కు, తోలు తీయడానికి మేలు. రవ్వ, బొచ్చెల పొట్ట ముళ్ళు లావుగా ఉంటాయి. మరీ మెత్తటి బ్లేడు అక్కడ దారి తప్పి ముళ్ళ మధ్యలోకి దూరిపోతుంది, కాబట్టి వాటికి కాస్త బిరుసుగా ఉన్నదే తీసుకోండి. మొదటిసారి కొనేవాళ్ళు మధ్యరకానికే వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. బాగా వంగే కత్తి చేయి తిరిగినవాళ్ళ చేతిలో అద్భుతంగా నడుస్తుంది. కొత్తవాళ్ళకు అది ఎటు పోతోందో అర్థం కాదు.

ఇక్కడే ఇంకో మాట. షాపుల్లో బోనింగ్ నైఫ్ అని ఒకటి చూపిస్తారు. చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ పొట్టిగా, 5 లేదా 6 అంగుళాలుండి, సాధారణంగా బిరుసుగా ఉంటుంది. అది మాంసం, చికెన్ ఎముక నుంచి విడదీయడానికి. జపాన్ వాళ్ళ దెబా అనే కత్తి కూడా ఈ మధ్య ఆన్‌లైన్‌లో బాగా కనిపిస్తోంది. మందంగా, ఒకవైపే పదునుతో ఉంటుంది, అసలు వంగదు. దానితో చేప కోసే పద్ధతే వేరు, సానబెట్టే పద్ధతీ వేరే. మొదటి కత్తిగా దాని జోలికి వెళ్ళకండి. రంపపు పళ్ళ కత్తి అసలే వద్దు, కండను చీల్చేస్తుంది.

నాలుగోది: ఉక్కు

తడి, ఉప్పు, నిమ్మకాయ, చేప జిగురు, ఇవన్నీ తగిలే కత్తి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోండి. కార్బన్ స్టీల్‌కు పదును బాగా వస్తుంది, సానబెట్టడం తేలిక. కానీ కోసిన వెంటనే కడిగి, తుడిచి పెట్టకపోతే మన వాతావరణంలో, ముఖ్యంగా సముద్రం దగ్గరి ఊళ్ళలో, తెల్లారేసరికి తుప్పు చుక్కలు వచ్చేస్తాయి.

గట్టిదనాన్ని రాక్‌వెల్ లెక్కలో, హెచ్ఆర్‌సీ అని రాస్తారు. ఫిల్లెట్ కత్తికి 54 నుంచి 58 మధ్య ఉంటే చాలు. 60 దాటిన ఉక్కుకు పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది గానీ, అంచు పెళుసుగా ఉంటుంది. ఇంత సన్నటి బ్లేడు ముల్లుకు అడ్డంగా తగిలి మెలిపడితే అంచు పెచ్చులూడుతుంది. కాస్త మెత్తటి ఉక్కు అయితే వంగుతుంది, మళ్ళీ సాన మీద సరి చేసుకోవచ్చు. పెట్టె మీద ఏ ఉక్కో, గట్టిదనం ఎంతో ఏమీ రాయకుండా సర్జికల్ స్టీల్ అని మాత్రం రాసి ఉంటే నేను నమ్మను.

పేరున్న కంపెనీల మాటకొస్తే, స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ ఫిల్లెట్ కత్తులు మన దగ్గర వెతికితే దొరుకుతాయి. ఫిన్లాండ్‌కు చెందిన రపాలా 1936 నుంచీ గాలానికి కట్టే ఎరలతో పేరు తెచ్చుకుంది. బర్చ్ చెక్క పిడి, తోలు ఒరతో వచ్చే వాళ్ళ ఫిల్లెట్ కత్తిని అదే దేశంలోని మార్తీని చేసిచ్చింది. స్వీడన్ మోరా, అమెరికా డెక్స్‌టర్ రస్సెల్ కూడా ఏళ్ళ తరబడి చేపల పనివాళ్ళ చేతుల్లో నలిగిన పేర్లే. అమెరికాలో ఉన్న మనవాళ్ళ చేత తెప్పించుకుంటుంటే ఒక జాగ్రత్త చెప్పండి: కత్తిని చెక్-ఇన్ బ్యాగులోనే, మొనకు అట్ట చుట్టి పెట్టాలి. చేతి బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు. అయితే పేరు లేని కత్తి అయినా పై పరీక్షల్లో నెగ్గితే నిశ్చింతగా కొనండి. కత్తికి పెట్టే డబ్బంతా కత్తికే పెట్టేయకుండా, సానరాయికి కొంత ఉంచుకోండి. పదును పోయిన ఖరీదైన కత్తి కంటే పదునున్న చవక కత్తి నయం, ప్రమాదం కూడా తక్కువ.

ఐదోది: పిడి

పొడి చేత్తో పట్టుకుంటే ప్రతి పిడీ బాగానే ఉంటుంది. కొర్రమీను జిగురు చేతికి అంటాక చూడాలి అసలు సంగతి. షాపులో చేతిని నీళ్ళతో తడుపుకుని, కుదిరితే ఒక చుక్క సబ్బు నీళ్ళు రాసుకుని పట్టుకుని చూడండి. పిడికిలి బిగించక్కర్లేకుండానే నిలవాలి. గరుకుగా ఉన్న రబ్బరు, ప్లాస్టిక్ పిళ్ళు ఇక్కడ చెక్క కంటే మేలు. వాసన పట్టవు, కడిగితే పోతుంది. చెక్క పిడి చూడ్డానికి అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ నీళ్ళు తాగి తాగి పగుళ్ళొస్తే ఆ సందుల్లో చేప నీచు నిలిచిపోతుంది.

పిడి, బ్లేడు కలిసే చోట కిందికి దిగిన చిన్న అడ్డు ఉందో లేదో తప్పకుండా చూడండి. మొన ముల్లుకు తగిలి ఆగినప్పుడు చేయి ముందుకు జారి బ్లేడు మీదికి వెళ్ళకుండా ఆపేది అదే. ఇంట్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు ఇద్దరూ వాడేదైతే చిన్న చెయ్యి ఉన్నవాళ్ళకు సరిపోయే పిడి తీసుకోండి. పెద్ద చేతిలో చిన్న పిడి ఇమిడిపోతుంది, చిన్న చేతిలో లావు పిడి మాత్రం తిరిగిపోతుంది.

కొన్నాక: మొదటి చేప మీద పరీక్ష

ముందు కాగితం మీద చూడండి. ఒక న్యూస్‌పేపర్ కాగితాన్ని గాల్లో పట్టుకుని పైనుంచి లాగితే, చిరక్కుండా తిన్నగా తెగాలి. కొత్త కత్తి కూడా ఒక్కోసారి ఈ పరీక్షలో తప్పుతుంది. అప్పుడు వాడే ముందే సాన పట్టండి.

మార్కెట్లో కొర్రమీను తీసుకుని ఇలా చెప్పండి: “అన్నా, పొలుసు తీసి, తల తీసి, పొట్ట శుభ్రం చేసివ్వు. ముక్కలు కొట్టకు.” గట్టి ఎముకల పని అక్కడే అయిపోతుంది, మీ కత్తి క్షేమం. ఇంటికొచ్చాక గళ్ళుప్పు రాసి రుద్ది కడిగితే జిగురు పోతుంది. తర్వాత గుడ్డతో బాగా తుడవండి, తడి చేప చెక్క మీద నిలవదు. కోసే చెక్క కింద కూడా తడి గుడ్డ పరిస్తే అది జరగదు.

చేపను పక్కకు పడుకోబెట్టి, వీపు మీ వైపు ఉండేలా పెట్టండి. తల తీసిన చోట నుంచి తోక దాకా, వీపు రెక్కకు ఆనుకుని, అర అంగుళం లోతున ఒక్క గీత గీయండి. ఇది తోలు తెరవడానికే. రెండోసారి అదే దారిలో, బ్లేడును కొంచెం ముల్లు వైపుకు వంచి, తేలిగ్గా లాగండి. ఇప్పుడు చెవి పెట్టి వినండి. మొన మధ్య ముల్లు నుంచి పైకి లేచిన ముళ్ళ మీదుగా వెళ్తుంటే టిక్ టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు వస్తుంది, పిడిలో చేతికి కూడా తెలుస్తుంది. ఆ చప్పుడు వస్తున్నంతసేపూ మీరు సరైన దారిలో ఉన్నట్టే, కండ ముల్లుకు మిగలడం లేదన్నమాట. చప్పుడు ఆగిపోయి మెత్తగా తగిలితే బ్లేడు కండలోకి వచ్చేసింది, కాస్త కిందికి వంచండి. కరకరమని గట్టిగా తగిలితే ముల్లును కోస్తున్నారు, కాస్త పైకెత్తండి. మరీ బిరుసు కత్తి అయితే ఈ తేడాలు చేతికి అందవు.

మధ్య ముల్లు దాటాక కండను ఎడమ చేత్తో పుస్తకం పేజీ తెరిచినట్టు ఎత్తి పట్టుకుని, పొట్ట ముళ్ళ మీదుగా చిన్న చిన్న కోతలతో కిందికి దిగండి. ఫిల్లెట్ విడిపోతుంది. చేప తిప్పి రెండో వైపూ అంతే. చివర్లో మధ్య ముల్లును వెలుతురుకు పట్టి చూడండి. సందుల్లోంచి వెలుగు కనిపించేంత పల్చగా ఉంటే కత్తి సరైనదే, చేయీ సరైనదే. ఆ ముల్లూ తలా పులుసుకో చారుకో వెళ్ళిపోతాయి.

తోలు తీయాలంటే ఫిల్లెట్‌ను తోలు కిందికి ఉండేలా పెట్టండి. తోక చివర తోలు దాకా చిన్న గాటు పెట్టి, ఆ కొసను ఉప్పు అద్దిన వేళ్ళతో గానీ గుడ్డతో గానీ పట్టుకోండి. బ్లేడును దాదాపు చెక్కకు ఆనించినంత పడుకోబెట్టి, కత్తిని కదపకుండా ఉంచి, తోలును అటూ ఇటూ ఊపుతూ మీ వైపు లాగండి. కొర్రమీను తోలు గట్టిది కాబట్టి తెగదు, కొత్తవాళ్ళకు ఇది బాగా కలిసొస్తుంది. ఎడమ చేతికి కోతలు పడని గ్లౌజు వేసుకోండి. పంగాసియస్, తిలాపియాల రెక్క ముళ్ళ నుంచి కూడా అది కొంత కాపాడుతుంది.

ఇక రవ్వ, బొచ్చెల పద్ధతి. ఫిల్లెట్ తీశాక తోలు ఉంచేసి, కండ వైపు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లకొక గాటు చొప్పున, తోలు తెగకుండా తోలు దాకా గాట్లు పెట్టండి. లోపలున్న సన్న ముళ్ళు ముక్కలు ముక్కలవుతాయి. తర్వాత పిండి పట్టించి నూనెలో బాగా వేపితే అవి పంటికి తెలియనంతగా కరకరలాడిపోతాయి. ఇంత దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలంటే బ్లేడు పల్చగా ఉండాలి, పదును బాగుండాలి. చిన్నపిల్లలకు మాత్రం ఈ ముక్క పెట్టకండి, వాళ్ళకు కొర్రమీనో పంగాసియస్సో పెట్టడమే క్షేమం. అది కూడా వేలితో తడిమి చూసి, దొరికిన ముల్లును పట్టకారుతో లాగేశాకే.

పదును పెట్టడం, దాచుకోవడం

వెయ్యి గ్రిట్ (రాయి గరుకుదనం లెక్క) సానరాయి ఒకటి కొనుక్కోండి. నీళ్ళలో నానబెట్టేదో, నీళ్ళు చల్లితే చాలేదో ప్యాకెట్ మీద చూసుకోండి. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణంలో పట్టాలి. కోణం కొలిచేదేమీ అక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల వెడల్పు బ్లేడైతే మొద్దు వైపును రాయి నుంచి 5, 6 మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ మందం కంటే కాస్త తక్కువ, ఎత్తి పట్టుకుంటే సరిపోతుంది. సన్నటి బ్లేడు కాబట్టి గట్టిగా నొక్కితే వంగిపోయి కోణం మారిపోతుంది. అరిచేత్తో కాకుండా రెండు వేళ్ళతో, తేలిగ్గా నొక్కండి. అవతలి వైపు అంచు పొడవునా సన్నటి గరుకు చేతికి తగిలాక కత్తి తిప్పి రెండో వైపు పట్టండి.

వీధిలో చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్ళకు ఈ కత్తి ఇవ్వకండి. కత్తిపీటకు, కొడవలికి వాళ్ళ పని బ్రహ్మాండంగా ఉంటుంది. ఫిల్లెట్ కత్తి అంచు మాత్రం ఆ వేడికి నీరు దిగిపోయి మెత్తబడుతుంది, తర్వాత ఎంత పదును పెట్టినా నిలవదు.

వాడిన వెంటనే సబ్బుతో కడిగి, తుడిచి, గాలికి ఆరనివ్వండి. సింకులో గిన్నెల మధ్య వదిలేస్తే అంచూ పోతుంది, కడిగేవాళ్ళ చెయ్యీ తెగుతుంది. తోలు ఒరలో తడి కత్తి పెడితే ఆ తడి లోపలే నిలిచి స్టెయిన్‌లెస్ మీద కూడా మచ్చలు వస్తాయి. ఇంట్లో దాచుకోవడానికి ప్లాస్టిక్ ఒర మేలు.

సాన పట్టగా పట్టగా ఏళ్ళు గడిచేసరికి బ్లేడు ఇరుకైపోయి ముందుకంటే ఎక్కువ వంగుతుంది. అప్పుడు దాన్ని పారేయకుండా తిలాపియా లాంటి చిన్న చేపలకూ తోలు తీయడానికీ ఉంచుకుని, కొర్రమీనుకు కొత్తది కొనుక్కోండి.